ఫుట్‌బాల్ క్లబ్బులో ఎవరి మాట చెల్లుతుంది?

భువనేశ్వర్ కళింగ స్టేడియంలో ఒడిశా ఎఫ్‌సీ ఓడిపోయిన రాత్రి బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి తెలుగు కుర్రాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో మొదటి తిట్టు కోచ్‌కే పడుతుంది. ‘ఈ కోచ్ ఉన్నంతకాలం ఇంతేరా బాబూ’ అని ఒకడంటాడు. ‘అసలు ఆ డిఫెండర్‌ని ఎవడు కొనమన్నాడు’ అని ఇంకొకడు అడుగుతాడు. ఈ రెండో ప్రశ్న దగ్గర ఎవరూ ఆగరు, కానీ ఆగాల్సింది అక్కడే. నిజంగా ఎవరు కొనమన్నారు? కోచ్ అడిగాడా, కోచ్‌కి అంటగట్టారా? ఆ డబ్బు ఎవరిది, ఆ సంతకం ఎవరిది, నచ్చకపోతే వద్దు అనే హక్కు ఎవరికుంది?

క్లబ్బులో నిర్ణయాలు ఎవరివి అని అడిగితే ఒక్క పేరు చెప్పడం కుదరదు. ఏ నిర్ణయం అన్నది ముందు తేల్చుకుని, ఆ తర్వాత దాన్ని ఎవరు ఆపగలరో చూడాలి. సలహా చెప్పేవాళ్ళు, పేర్లు సూచించేవాళ్ళు, మీటింగులో కూర్చునేవాళ్ళు చాలామంది ఉంటారు. ‘కుదరదు’ అని ఒక్క మాటతో వ్యవహారం మొత్తం ఆపేయగలిగినవాళ్ళు మాత్రం ఇద్దరో ముగ్గురో. అసలు పెత్తనం వాళ్ళది. మ్యాచ్ అయ్యాక మైకు ముందు నిలబడి సమాధానం చెప్పుకునేవాడు ఆ ఇద్దరు ముగ్గురిలో చాలాసార్లు ఉండడు.

కోచ్ చేతిలో కచ్చితంగా ఉండేవి కొన్ని ఉన్నాయి. వారమంతా ట్రెయినింగ్ ఎలా సాగాలి, దిగే పదకొండు మంది ఎవరు, అరవయ్యో నిమిషంలో ఎవర్ని మార్చాలి, మిడ్‌ఫీల్డ్‌లో ఇద్దరా ముగ్గురా. ఈ మాత్రం అధికారమైనా ఊరికే రాలేదు. ఇంగ్లండ్ జాతీయ జట్టుని చాలాకాలం కమిటీ పెద్దలే కూర్చుని ఎంచేవారు. జట్టు ఎంపిక నా చేతిలో ఉంటేనే వస్తానని పట్టుబట్టి 1963లో పగ్గాలు అందుకున్న ఆల్ఫ్ రామ్సీ ఆ పద్ధతి మాన్పించాడు, 1966లో వరల్డ్ కప్ గెలిచి చూపించాడు. అయినా కోచ్ మాట చెల్లని చోటు గ్రౌండులోనే ఒకటుంది. 2015 ఆగస్టులో చెల్సీ, స్వాన్సీ మ్యాచ్ ఆఖరి నిమిషాల్లో చెల్సీ ఆటగాడు ఎడెన్ హజార్డ్ కింద పడితే, రిఫరీ పిలిచాడని ఆ క్లబ్బు డాక్టర్ ఎవా కార్నీరో లోపలికి పరుగెత్తింది. చెల్సీ అప్పటికే పదిమందితో ఆడుతోంది, వైద్యం అందిన ఆటగాడు కాసేపు బయటికి వెళ్ళాలి కాబట్టి తొమ్మిదిమందే మిగిలారు. కోచ్ మొరిన్యో అందరి ముందూ మండిపడ్డాడు. ఆమె క్లబ్బు వదిలి కేసు వేసింది, 2016లో క్లబ్బు బహిరంగంగా క్షమాపణ చెప్పి రాజీ చేసుకుంది. పడిపోయిన మనిషిని చూడాలా వద్దా అన్నది డాక్టర్ తేల్చాల్సిన విషయం, స్కోరు ఎంతైనా సరే. ఆ వ్యవహారంలో తప్పు పూర్తిగా కోచ్‌దే.

ఇక ఆటగాళ్ళని కొనే సంగతి. గొడవంతా ఇక్కడే కాబట్టి కాస్త దగ్గరగా చూడాలి. ఒక లెఫ్ట్ బ్యాక్, అంటే ఎడమవైపు డిఫెండర్, కావాలనుకుందాం. సీజన్ అవగానే కోచ్ చెబుతాడు, ఎడమవైపు పైదాకా పరుగెత్తి క్రాస్ వేసేవాడు, వెనక్కి కూడా అంతే వేగంగా వచ్చేవాడు కావాలని. ఆటగాళ్ళని వెతికే స్కౌట్లు, వీడియోలు చూసి అంకెలు తీసే అనలిస్టులు కలిసి ఓ పది పేర్లు తెస్తారు. కొనుగోళ్ళ వ్యవహారం చూసే స్పోర్టింగ్ డైరెక్టర్ వాటిలో మూడు ఉంచి ఏజెంట్లకి ఫోన్ చేస్తాడు. ఏజెంటు జీతం చెబుతాడు, బోనస్ చెబుతాడు, తన కమిషన్ చెబుతాడు, పనిలో పనిగా ‘నా దగ్గర ఇంకో కుర్రాడున్నాడు, వాణ్ణి కూడా చూడండి’ అంటాడు. సీఈఓ లెక్కలు చూసి రెండేళ్ళ కాంట్రాక్టుకి మించి ఇవ్వలేం అంటాడు, ఆటగాడికేమో మూడేళ్ళు కావాలి. డాక్టర్ మోకాలి స్కాన్ చూసి పెదవి విరుస్తాడు. ఇవన్నీ దాటుకుని కాగితం ఓనర్ టేబుల్ మీదికి వచ్చేసరికి ట్రాన్స్‌ఫర్ విండో, అంటే ఆటగాళ్ళని కొనడానికి ఇచ్చిన గడువు, మూసే రోజు దగ్గర పడుతుంది. ఇది అచ్చం పెళ్ళిసంబంధం వ్యవహారమే, కుదర్చడానికి పదిమంది తిరగాలి, చెడగొట్టడానికి ఒక్కడు చాలు. చివరికి వచ్చే లెఫ్ట్ బ్యాక్ మొదటి పేరు కాదు, రెండోదీ కాదు, మూడోదో నాలుగోదో అయి ఉంటాడు. మన దేశపు పెద్ద లీగు ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్)లో 2021-22 నుంచి ఒకేసారి నలుగురు విదేశీ ఆటగాళ్ళకి మించి మైదానంలో ఉండకూడదన్న నిబంధన ఉంది కాబట్టి, అక్కడ ఒక్క ఎంపిక తప్పితే సీజనంతా దిద్దుకోవడం కష్టం. ఆ ఆటగాడు తప్పటడుగు వేసినప్పుడల్లా కెమెరా మాత్రం కోచ్ ముఖం మీదికే వెళ్తుంది.

కోచ్ కోరింది దొరక్కపోవడం ప్రతిసారీ నష్టమే అవ్వాలని లేదు. 2017లో లివర్‌పూల్ కోచ్ యుర్గెన్ క్లాప్ మనసు జర్మన్ ఆటగాడు యులియన్ బ్రాంట్ మీద ఉంది. స్పోర్టింగ్ డైరెక్టర్ మైకేల్ ఎడ్వర్డ్స్, ఆయన కింద డేటా, స్కౌటింగ్ చూసేవాళ్ళు మాత్రం రోమాలో ఆడుతున్న మొహమ్మద్ సలాని తీసుకుందామని చెవిలో ఇల్లు కట్టుకుని పోరారు. క్లాప్ ఒప్పుకున్నాడు, ఆ సంగతి తర్వాత దాచుకోలేదు కూడా. సలాతో ఆ క్లబ్బు 2019లో చాంపియన్స్ లీగ్, 2020లో ప్రీమియర్ లీగ్ గెలిచింది. ఇక్కడ మెచ్చుకోవాల్సింది ఎవరు గెలిచారన్నది కాదు, ఎవరి పని ఏదో అందరికీ ముందే తెలిసి ఉండటం. కోచ్‌కి వద్దు అనే హక్కు ఉంది, డైరెక్టర్‌కి నచ్చజెప్పే హక్కు ఉంది, ఓనర్ మధ్యలో వేలు పెట్టలేదు.

ఆ స్పష్టత లేకపోతే ఏమవుతుందో మాంచెస్టర్ యునైటెడ్‌ని చూస్తే చాలు. 1986 నుంచి 2013 దాకా అక్కడ మేనేజర్ అలెక్స్ ఫెర్గూసన్ మాటే వేదం. కానీ ఆయన ఉండగానే, 2005లో, గ్లేజర్ కుటుంబం క్లబ్బుని కొని, కొనడానికి చేసిన అప్పులో పెద్ద భాగాన్ని క్లబ్బు నెత్తినే పెట్టింది, ఆ నిర్ణయాన్ని ఫెర్గూసన్ అంతటివాడు కూడా ఆపలేకపోయాడు. 2024 ఫిబ్రవరిలో జిమ్ రాట్‌క్లిఫ్ నాలుగోవంతుకి కాస్త పైన వాటా కొని ఫుట్‌బాల్ వ్యవహారాలన్నీ తన చేతిలోకి తీసుకున్నాడు. ఆ జులైలో కోచ్ ఎరిక్ టెన్ హాగ్ కాంట్రాక్టు పొడిగించారు, అక్టోబరులో పంపేశారు. అదే జులైలో స్పోర్టింగ్ డైరెక్టర్‌గా వచ్చిన డాన్ ఆష్‌వర్త్ డిసెంబరులో వెళ్ళిపోయాడు. తర్వాత వచ్చిన రూబెన్ అమోరిమ్ 2026 జనవరిలో లీడ్స్‌తో మ్యాచ్ డ్రా అయ్యాక, తాను వచ్చింది ఉత్త కోచ్‌గా ఉండటానికి కాదని, మేనేజర్‌గా అని మీడియా ముందు అనేశాడు, అంటే కొనుగోళ్ళ మీద, జట్టు నిర్మాణం మీద కూడా తన మాట నడవాలని. మర్నాడే ఉద్యోగం పోయింది. ఆట బాగోలేక పోయిందా, ఆ మాట అన్నందుకు పోయిందా అని జనం వాదించుకోవచ్చు. ఎవరి పని ఎంతవరకో ముందుగా గీత గీసుకుని ఉంటే మాత్రం ఆ మాట మైకు ముందు చెప్పే అవసరం రాకపోను.

మన దగ్గరికొస్తే, ఐఎస్‌ఎల్‌లో కోచ్ పెత్తనం ఎంతవరకు పోతుందో, ఎక్కడ తెగుతుందో చెప్పడానికి స్పెయిన్ కోచ్ సెర్జియో లొబేరా ఒక్కడి ప్రయాణం సరిపోతుంది. 2020 జనవరి ఆఖర్లో ఎఫ్‌సీ గోవా పట్టికలో పైన ఉండగానే యాజమాన్యం ఆయన్ని తీసేసింది. తాత్కాలికంగా పగ్గాలు పట్టుకున్న క్లిఫర్డ్ మిరాండా ఆ సీజన్ లీగ్ షీల్డ్, అంటే పట్టికలో మొదటి స్థానానికి ఇచ్చే ట్రోఫీ, గెలిపించి ఇచ్చాడు. లొబేరా ముంబయి సిటీకి వెళ్ళి 2020-21లో షీల్డ్, ఆ తర్వాతి నాకౌట్ మ్యాచ్‌లు గెలిస్తే వచ్చే కప్పు రెండూ గెలిచాడు. ఆ క్లబ్బులో 65 శాతం వాటా అప్పటికి సిటీ ఫుట్‌బాల్ గ్రూప్‌ది, మాంచెస్టర్ సిటీ ఓనర్లే. రెండు ట్రోఫీలు తెచ్చిన కోచ్ తర్వాతి సీజన్ మొదలవక ముందే వెళ్ళిపోయాడు, ఆ గ్రూపుకే చెందిన చైనా క్లబ్బుకి. ఆయన స్థానంలో డెస్ బకింగ్‌హమ్ వచ్చాడు, ఎక్కడినుంచి? అదే గ్రూపుకి చెందిన మెల్‌బోర్న్ సిటీ నుంచి. ముంబయిలో కూర్చుని చూసేవాడికి ఇది కోచ్ మార్పు, గ్రూపు ఆఫీసులో కూర్చున్నవాళ్ళకి ఒక ఉద్యోగి బదిలీ.

ఇప్పుడు మన ఒడిశా ఎఫ్‌సీ. 2023 ఏప్రిల్‌లో కోళికోడ్‌లో బెంగళూరుని ఓడించి సూపర్ కప్ గెలిచిన రోజు, అది ఈ క్లబ్బుకి మొట్టమొదటి ట్రోఫీ, తాత్కాలిక కోచ్ ఎవరో తెలుసా? ఆ మిరాండాయే. ఆ గెలుపుతో ఒడిశాకి ఆసియా పోటీల దారి తెరుచుకుంది. బరంపురం నుంచి రాయగడ దాకా అందరూ ఈయన్నే ఉంచుతారేమో అనుకునే వేళ యాజమాన్యం లొబేరాని తెచ్చింది. ఆ నిర్ణయం తప్పు అనడానికి లేదు, లొబేరా వచ్చాక జట్టు ఆటే మారింది. కానీ ట్రోఫీ చేతికిచ్చిన మనిషికి కుర్చీ దక్కాలన్న రూలు ఎక్కడా లేదని ఆ రోజు తెలిసొచ్చింది. లొబేరా పలుకుబడి ఎంతో చూడాలంటే ఆయన వెంట వచ్చిన పేర్లు చూడాలి. అహ్మద్ జహూ, మోర్తదా ఫాల్ గోవాలోనూ ముంబయిలోనూ ఆయన కింద ఆడినవాళ్ళు, 2023లో భువనేశ్వర్ వచ్చారు. 2024లో వచ్చిన హ్యూగో బూమూస్ కూడా అంతే. నలుగురికే చోటున్న దగ్గర ఇంతమంది తనవాళ్ళని దింపగలిగాడంటే, ఆ విషయంలో ఓనర్ ఆయన మాట కాదనలేదన్నమాట. కాబట్టి కోచ్ అంటే ఎప్పుడూ కీలుబొమ్మే అనడం కూడా సరికాదు. ఓనర్ ఇచ్చినంతకాలం కోచ్‌కి అధికారం ఉంటుంది. ఇచ్చిన చెయ్యి వెనక్కి తీసుకోవడానికి ఒక్క పూట చాలు, 2021 ఫిబ్రవరిలో స్టూవర్ట్ బాక్స్‌టర్ మ్యాచ్ అయ్యాక టీవీలో క్షమించరాని మాట ఒకటి అన్నప్పుడు ఇదే క్లబ్బు మర్నాటికల్లా ఆయన్ని తొలగించింది, అది చాలా సరైన పని.

ఓనర్లు చేసే పని వేరేలా కూడా ఉంటుంది. గుణుపురం వైపు ఊళ్ళలో పండగ టోర్నమెంట్లు చూసినవాళ్ళకి ఇది కొత్త కాదు, జెర్సీలు, బూట్లు కొనిచ్చిన పెద్దమనిషి తమ్ముడు ఎలా ఆడినా ఫార్వర్డ్‌గానే ఆడతాడు. స్పెయిన్‌లో వలెన్సియాని 2014లో కొన్న పీటర్ లిమ్, 2015 డిసెంబరులో తన వ్యాపార భాగస్వామి గ్యారీ నెవిల్‌ని కోచ్‌గా పెట్టాడు. అంతకుముందు నెవిల్ ఏ క్లబ్బుకీ హెడ్ కోచ్‌గా చేసినవాడు కాదు. నాలుగు నెలలు కూడా నిండకుండానే పంపేశారు. 2019 మే నెలలో మార్సెలీనో అనే కోచ్ ఆ క్లబ్బుకి స్పెయిన్ కప్పు కోపా డెల్ రే గెలిచి పెట్టాడు, సెప్టెంబరులో అతణ్ణీ తీసేశారు. ఇక ఏజెంట్ల దారి వేరు, 2016లో చైనా కంపెనీ ఫోసున్ ఇంగ్లండ్‌లో వుల్వ్స్‌ని కొన్నాక పోర్చుగల్ ఏజెంట్ జార్జ్ మెండెస్ సలహాతో కోచ్ నూనోతో సహా వరసపెట్టి పోర్చుగల్ వాళ్ళు వచ్చారు. జట్టు పైకొచ్చింది కాబట్టి ఎవరూ పెద్దగా నోరెత్తలేదు.

ఓనర్ల పెత్తనం నగ్నంగా కనిపించింది మాత్రం 2021 ఏప్రిల్ 18న. ఆ రాత్రి యూరప్‌లోని పన్నెండు పెద్ద క్లబ్బులు తమ చోటు ఎప్పటికీ ఖాయంగా ఉండేలా వేరే సూపర్ లీగ్ పెట్టుకుంటున్నామని ప్రకటించాయి. కోచ్‌లకి తెలియదు, ఆటగాళ్ళకి తెలియదు, మర్నాడు మ్యాచ్ ఉన్న క్లాప్ మీడియా ముందు నిలబడి తమను ఎవరూ అడగలేదని చెప్పాల్సి వచ్చింది. క్లబ్బు వందేళ్ళ చరిత్రని మార్చేసే నిర్ణయం నలుగురు ఓనర్లు ఫోన్లలో తేల్చేసుకున్నారు. స్టేడియాల బయట అభిమానులు గుమిగూడారు, ఆటగాళ్ళు తిరగబడ్డారు, బ్రిటన్ ప్రభుత్వం కన్నెర్రజేసింది, రెండ్రోజులు తిరక్కుండానే ఇంగ్లండ్ క్లబ్బులు ఆరూ వెనక్కి తగ్గాయి. లివర్‌పూల్ ఓనర్ జాన్ హెన్రీ వీడియోలో క్షమాపణ చెప్పాడు.

భారతదేశంలో ఓనర్ పైన కూడా మనుషులున్నారు, ఇది మనవాళ్ళు తరచూ మర్చిపోతారు. ఒడిశా ఎఫ్‌సీ అసలు పుట్టింది ఢిల్లీ డైనమోస్‌గా, 2019లో ఓనర్లు దాన్ని భువనేశ్వర్‌కి తరలించి పేరు మార్చారు. కళింగ స్టేడియం రాష్ట్ర ప్రభుత్వానిది. మొదటి సీజన్‌లో అండర్-17 మహిళల వరల్డ్ కప్ కోసం స్టేడియంలో పనులు జరుగుతున్నాయని తొలి సొంతగడ్డ మ్యాచ్‌లు పుణెలో ఆడాల్సి వచ్చింది. పేరుకి ఒడిశా టీమ్, ఆడేది మహారాష్ట్రలో. ఏ కోచ్ వల్లా, ఏ ఓనర్ వల్లా అది ఆగే పని కాదు, తాళంచెవి వాళ్ళ దగ్గర లేదు. మ్యాచ్ టైము కూడా అంతే. రాత్రి ఏడున్నరకి మొదలుపెట్టాలన్నది లీగు, టీవీ వాళ్ళు తేల్చుకునే విషయం. మ్యాచ్ అయ్యేసరికి తొమ్మిదిన్నర, అక్కడినుంచి బరంపురం దాదాపు 170 కిలోమీటర్లు. రాయగడ వాళ్ళయితే విజయనగరం మీదుగా చుట్టు తిరిగి రాత్రంతా రైల్లో గడపాలి. టికెట్ డబ్బులకంటే దారిఖర్చు ఎక్కువయ్యే ఈ జనం గురించి ఆ షెడ్యూలు మీటింగులో ఒక్కరైనా మాట్లాడతారా అంటే, మాట్లాడాల్సిన అవసరం అక్కడ ఎవరికీ లేదు.

2019లోనే పుణె సిటీ క్లబ్బు మూతపడి, ఆ చోటులోకి హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. సరిహద్దు తెలుగువాళ్ళకి ఇది పెద్ద ఇరకాటం. ఉండే నేల ఒడిశాది, ఇంట్లో మాట తెలుగుది, ఒడిశా, హైదరాబాద్ మ్యాచ్ రోజు ఒకే ఇంట్లో అన్నదమ్ములు చెరోవైపు కూర్చున్న కాలం అది. 2022 మార్చిలో మనోలో మార్కెజ్ కోచ్‌గా హైదరాబాద్ కప్పు గెలిచింది, పెనాల్టీల్లో గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు. రెండేళ్ళు తిరిగేసరికి జీతాలు అందక ఆటగాళ్ళు వెళ్ళిపోయారు, కొత్త ఆటగాళ్ళని తీసుకోకుండా ఫిఫా నిషేధం పెట్టింది, 2023-24లో జట్టు అట్టడుగున మిగిలింది. అదే కప్పు గెలిచిన క్లబ్బు. కోచింగ్ లోపం వల్ల కాలేదు, డబ్బులు లేక అయింది. 2024లో ఓనర్లు మారారు, 2025లో కొత్త ఓనర్లు దాన్ని ఢిల్లీకి తీసుకెళ్ళి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అని పేరు పెట్టారు. ఢిల్లీ వాళ్ళు పోగొట్టుకుంటే మనకి ఒడిశా ఎఫ్‌సీ దక్కింది, హైదరాబాద్ వాళ్ళు పోగొట్టుకుంటే ఢిల్లీకి దక్కింది. రెండుసార్లూ అభిమానులని అడిగినవాళ్ళు లేరు. మనకి దక్కినప్పుడు సంతోషించిన మాట నిజమే, కానీ దక్కిన పద్ధతీ, హైదరాబాద్ వాళ్ళకి పోయిన పద్ధతీ ఒక్కటే, రేపు మనకి పోయినా ఆ పద్ధతిలోనే పోతుంది.

ఓనర్లూ చేతులెత్తేసిన సందర్భం 2025లో వచ్చింది. జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య 2010లో రిలయన్స్ వైపు వాళ్ళతో పదిహేనేళ్ళకి చేసుకున్న హక్కుల ఒప్పందం ఆ డిసెంబరుతో ముగియాలి. ఆ తర్వాత ఏమిటో తేలకపోయేసరికి జులైలో ఐఎస్‌ఎల్ నిర్వాహకులు కొత్త సీజన్‌ని ఆపేశారు. ఆగస్టులో ఒడిశా ఎఫ్‌సీ ఆటగాళ్ళ, సిబ్బంది కాంట్రాక్టులు నిలిపివేసింది. ఆ మొత్తం వ్యవహారం క్లబ్బు ఆఫీసులో తేలేది కాదు, సమాఖ్య, వాణిజ్య భాగస్వామి, సుప్రీంకోర్టు మధ్య నడిచింది. నెల జీతం మీద బతికే ఫిజియో, కిట్లు ఉతికి సర్దే మనిషి, రెండో జట్టులోని పద్దెనిమిదేళ్ళ కుర్రాడు, వీళ్ళందరి బతుకూ వాళ్ళు ఒక్కసారైనా కాలుపెట్టని గదుల్లో తేలాల్సి వచ్చింది. గోల్ తప్పిపోతే మూడ్రోజులు తిట్టుకునే మనం ఆ నెలల్లో ఈ మనుషుల గురించి అందులో సగమైనా మాట్లాడలేదు.

అభిమానులకి వద్దు అనే హక్కు ఉండే చోట్లు లోకంలో లేకపోలేదు. జర్మనీలో 1998 నుంచి ఉన్న నిబంధన ప్రకారం క్లబ్బులో సగానికి మించిన ఓట్లు సభ్యులవే, లెవర్‌కుసెన్, వుల్ఫ్స్‌బర్గ్ లాంటి కంపెనీ క్లబ్బులు మాత్రం మినహాయింపు. 2024 ఫిబ్రవరిలో అక్కడి లీగ్ బయటి పెట్టుబడిదారుతో చేసుకోబోయిన ఒప్పందాన్ని, అభిమానులు వారాల తరబడి మైదానాల్లోకి టెన్నిస్ బంతులు విసిరి మ్యాచ్‌లు ఆపి, రద్దు చేయించారు. బార్సిలోనాలో అధ్యక్షుణ్ణి సభ్యులే ఎన్నుకుంటారు. అయితే ఓటుంటే చాలదు కూడా, 2021 ఆగస్టులో మెస్సీ ఉంటానన్నాడు, క్లబ్బు ఉంచుకుంటానంది, లీగ్ జీతాల లెక్కలు ఒప్పుకోక వెళ్ళిపోయాడు.

మన లీగులో సభ్యులు, ఎన్నికలు ఉన్న పాత క్లబ్బులు కలకత్తావే. 2020లో మోహన్ బగాన్ ఫుట్‌బాల్ జట్టులో 80 శాతం ఆర్‌పీఎస్‌జీ గ్రూపు చేతికి వెళ్ళి, పేరు ముందు ఆ గ్రూపు క్లబ్బు పేరు ఏటీకే వచ్చి చేరింది. అభిమానులు ఊరుకోలేదు. స్టాండ్లలో బ్యానర్లు కట్టారు, రోడ్డెక్కారు, ఆ మూడక్షరాలు తీసేసేదాకా వదలమన్నారు. 2023 మార్చి 18న జట్టు ఐఎస్‌ఎల్ కప్పు గెలిచిన రాత్రి ఓనర్ సంజీవ్ గోయెంకాయే వచ్చే సీజన్ నుంచి ఏటీకే ఉండదని ప్రకటించాడు. దాదాపు మూడేళ్ళు పట్టింది. ఒడిశా ఎఫ్‌సీకి అలాంటి సభ్యత్వం లేదు, కళింగలో గట్టిగా అరిచే స్టాండ్లు ఉన్నాయి. ఆ అరుపు ఇన్నాళ్ళూ కోచ్ బెంచీ వైపే వెళ్ళింది. స్టేడియం ఒప్పందం ఎన్నేళ్ళకి ఉంది, జీతాలు టైముకి పడుతున్నాయా, క్లబ్బుని ఇంకో ఊరికి తరలించకుండా ఏదైనా హామీ ఉందా అన్న మూడు ప్రశ్నలు బ్యానరు మీద రాసి, ఓనర్లు, క్రీడా శాఖ అధికారులు కూర్చునే వైపు తిప్పి పట్టుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.